గోల్ చూడని రిఫరీ

ఆ ఆదివారం పొద్దున కిషన్‌లాల్ వేపపుల్ల కంటే ముందు విజిల్‌ను నోట్లో పెట్టుకున్నాడు. ఆయన ఇల్లందు దగ్గర సర్కారు బడిలో పీఈటీ మాస్టారు. చుట్టుపక్కల తండాల్లో ఫుట్‌బాల్ ఎక్కడ ఆడినా ఆయనే రిఫరీ. ఆ రోజు ఫైనల్, అదీ ఆయన పుట్టిన కింది తండాకూ, ఆయన భార్య చాంది పుట్టిన పై తండాకూ మధ్య.

నిరుడు ఫైనల్ కూడా వీళ్ల మధ్యే జరిగింది. బామ్మర్ది బద్రు బంతిని చేత్తో నెట్టాడని కిషన్‌లాల్ అతని గోల్ చెల్లదన్నాడు. చెయ్యి తగల్లేదని బద్రు తల్లి మీద ఒట్టేశాడు. ఆ తల్లి సక్రి నమ్మింది, అక్క చాందీ నమ్మింది. అప్పటినుంచి చాంది మొగుడితో నేరుగా మాట్లాడటం మానేసింది. చెప్పాల్సినవన్నీ పొయ్యికి చెబుతుంది.

"రొట్టెలైనయ్," అంది ఆ పొద్దున కూడా పొయ్యితోనే. "దొంగ రిఫరీలకు ఆకలైతే తినొచ్చు."

"ఇయ్యాల చూడు," అన్నాడు కిషన్‌లాల్, అలవాటు కొద్దీ తనూ పొయ్యివైపే చూస్తూ. "టీవీ మ్యాచుల లెక్క వీడియో పెట్టించిన. అనుమానమొస్తే మళ్లేసి చూసుడే. నిజమేందో తెర మీద పడ్తది."

వీడియో అంటే శ్రీను. పెళ్లిళ్లు తీసే శ్రీను రెండు కెమెరాలూ, ఫంక్షన్ హాల్లో పెట్టే ఎల్‌ఈడీ తెరా ఆటోలో వేసుకొచ్చాడు. ఒక కెమెరాను గోల్ వెనక స్టాండు మీద నిలబెట్టి, రెండోది భుజానికెత్తుకున్నాడు.

"మనిషి కండ్లు చాలవా? మిషన్ ఎందుకు?" అని కింది తండావాళ్లు గొణిగారు.

"కండ్లున్న రిఫరీనే గద నిరుడు మమ్మల్ని ముంచిండు," అన్నాడు బద్రు. "వీడియో ఉంటేనే ఆడుతం."

కప్పు ఇచ్చేది పామాయిల్ తోటల ఆసామి చెంచురామయ్య. భార్య బుల్లెమ్మతో వచ్చి షామియానా కింద సోఫాలో కూర్చున్నాడు.

ఆట చివరికొచ్చినా ఒక్క గోలూ పడలేదు. బద్రు బంతితో దూసుకొస్తున్నాడు. సరిగ్గా అప్పుడే, శ్రీను ఇది తీస్తున్నాడో లేదో అని కిషన్‌లాల్‌కు అనుమానమొచ్చి కెమెరా వైపు తిరిగాడు.

"ఓయ్! గటేం చూస్తున్నవ్? బాల్ చూడు!"

గట్టు మీంచి చాంది. చుట్టుపక్కల పొయ్యి ఏదీ లేదు.

"నన్నేనా?" అన్నాడు కిషన్‌లాల్. నోట్లోంచి విజిల్ జారిపడింది.

ఏడాదికి వచ్చిన మాట కదా, ఆయన అటే చూస్తూ నిలబడిపోయాడు. వెనక బంతి వలలో పడింది. పై తండా గాల్లోకి లేచింది. కింది తండా "చెయ్యి! చెయ్యి!" అని అరిచింది. రిఫరీ రెండింటిలో ఏదీ చూడలేదు. అయినా బెదరలేదు. టీవీలో రిఫరీలు వీడియో అడిగేటప్పుడు చేసినట్టు వేళ్లతో గాల్లో చతురస్రం గీశాడు.

"శ్రీనూ, వెయ్!"

తెర మీద గులాబీ రేకులు రాలాయి. వాటి మధ్య చెంచురామయ్య స్లో మోషన్‌లో జిలేబీ తింటూ ప్రత్యక్షమయ్యాడు.

"బాల్ ఏదిర?"

"పెండ్లిల గట్లనే తీస్తం సార్. పెద్దమనిషి మీదికెల్లి కెమెరా జరిపితే అలుగుతరు."

బుల్లెమ్మ లేచింది. "షుగరు మాత్ర వేసుకుని గంట కాలేదు, జిలేబీలా? డ్రైవర్, కారు తియ్యి!"

"అది పాత వీడియో అయ్యుంటదే," అన్నాడు చెంచురామయ్య. ఒంటి మీద చొక్కా మాత్రం అదే. కారు వెళ్లిపోయింది. డిక్కీలో ఉన్న కప్పూ దానితోపాటే వెళ్లిపోయింది.

గోల్ వెనక కెమెరా తీసిన వీడియోను శ్రీను కంగారులో మరీ వెనక్కి తిప్పాడు. నడుం నొప్పని బొగ్గు గనిలో సెలవు పెట్టిన జంపయ్య తెర మీద గంతులేస్తున్నాడు.

"నడుం బాగయిందా జంపయ్యా?" అని జనంలోంచి గని సూపర్‌వైజర్ రామకృష్ణ గర్జించాడు.

"మీరు డ్యూటీల ఉన్నరు గద సార్?" అన్నాడు జంపయ్య వినయంగా. ఇద్దరూ మళ్లీ ఆ మాటెత్తలేదు.

దాంతో జనానికి వీడియో రుచి తెలిసింది. "మా మిర్చి కల్లంలకు బర్రెను ఎవరు తోలిండ్రో చూపెట్టు!" "నా కొత్త చెప్పులు ఏసుకపోయినోడెవడు?" అంటూ తలా ఒకరు రిఫరీ ముందుకొచ్చి గాల్లో చతురస్రాలు గీయసాగారు.

చివరికి గోల్ దొరికింది. తెర మీద బంతి గీత దాటుతోంది. రిఫరీ మాత్రం నోరు తెరుచుకుని పెళ్లాం వైపు చూస్తున్నాడు. మైదానమంతా గొల్లున నవ్వింది. కిషన్‌లాల్‌కు తలెత్తబుద్ధి కాలేదు. ఇక గోల్ ఇచ్చేసి ఇంటికి పోదామని విజిల్ ఏరుకున్నాడు.

"ఆగు." చాంది తెర ముందుకొచ్చింది. "శ్రీనూ, జర ఎన్కకు తిప్పు. మెల్లగ. ఆఁ, ఆడ ఆపు."

అందరూ రిఫరీ మొహం చూసి నవ్వుతున్నారు. చాంది ఒక్కతే తమ్ముడి మోచేతిని చూసింది. బంతి దానికే అతుక్కుని ఉంది.

"తమ్మీ, గిదేంది?"

"గాలికి తగిలిందక్కా."

"నిరుడు సుత గాలేనా?"

బద్రు ఆ మోచేతిని వెనక దాచుకున్నాడు.

"ఇంటి ఆడపిల్లవై ఉండి గిట్ల చేస్తవా?" అంటూ సక్రి మీదికొచ్చింది.

"అమ్మా, గా ఒట్టు ఏసింది నీ మీద. నువ్వింకా నిలబడి తిడ్తున్నవంటే అదృష్టమనుకో."

విజిల్ మోగింది. గోల్ లేదు, గెలుపు లేదు, ఇద్దామంటే కప్పూ లేదు. "వచ్చే ఏడు వీడియో పెడితే మేం ఆడం," అన్నాడు బద్రు. అవునని ముందుగా చేతులెత్తింది జంపయ్య, రామకృష్ణ.

తమ్ముడి పరువు తీసిందని పై తండా చాందితో మాటలు మానేసింది. పెళ్లాన్ని చూస్తూ కొంప ముంచబోయాడని కింది తండా కిషన్‌లాల్‌తో మానేసింది. దాంతో మాట్లాడుకోవడానికి ఆ ఇద్దరికీ ఒకరికొకరే మిగిలారు.