పేరు చెప్పని చందా

ఆ రోజుకు కార్యదర్శిగారి కార్యక్రమం చాలా చిన్నది. పొద్దున సభ, ఆపైన తీర్మానం, భోజనాల వేళకు వార్డు టికెట్. "క్రిప్టో చందాలు మన పార్టీ ముట్టదు" అన్న తీర్మానాన్ని గట్టిగా నెగ్గిస్తే టికెట్ నీదేనని అధ్యక్షుడు మాటిచ్చాడు. ఏళ్ల తరబడి పార్టీకి కుర్చీలు వేయించి, మైకులు సరిచేసిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? క్రిప్టో అంటే ఏమిటో ఆయనకు తెలియదు. వద్దనడానికి తెలియనక్కర్లేదు కదా అని ధీమా.

వేదిక వెనక కట్టే ఫ్లెక్సీ బావమరిది పని. అతనికి ప్రింటింగ్ షాపు ఉంది. కొత్త ఫ్లెక్సీ అంటే పాత ఫ్లెక్సీలో మొహాలు మార్చడమే అతని పద్ధతి. పెళ్లికొడుకు స్థానంలో నాయకుణ్ణి, నాయకుడి స్థానంలో పళ్ల డాక్టర్ని పెట్టి ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాడు. ఈసారి చేతికి దొరికింది ఎదుటి పార్టీ ఫ్లెక్సీ. మొహాలు మార్చాడు, రంగు మార్చాడు, గుర్తు మార్చాడు. కింద మూలనున్న క్యూఆర్ కోడ్ మాత్రం మరిచిపోయాడు.

హాల్లో ఫ్లెక్సీ కడుతుంటే కార్యదర్శి కన్ను దాని మీదే పడింది. "ఒరేయ్, ఈ మూల చీమలు పాకినట్టున్నదేమిట్రా?"

బావమరిది చూపు నేలకు దించాడు. "అదా... మద్దతు కోడ్ బావా! ఫోన్ చూపిస్తే తీర్మానానికి ఓటేసినట్టే. ఇప్పుడంతా ఇదే ఫ్యాషన్."

"మరి ముందే చెప్పొద్దూ!"

పక్కనే ఉన్న కార్యదర్శి భార్య తమ్ముడి వంక చూసింది. "వీడు నేలచూపులు చూస్తున్నాడంటే ఏదో ఉందండీ. కాస్త కనుక్కోండి."

"నీకు మీవాడంటే ఎప్పుడూ చులకనే!" అని ఆయన వేదికెక్కేశాడు.

ఎక్కి దంచేశాడు. "ఇచ్చేవాడెవడో తెలీదు! పుచ్చుకునేవాడెవడో తెలీదు! పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఇదేం చందా? నాతో ఏకీభవించేవాళ్లంతా ఫోన్లు తీయండి! ఆ కోడ్‌కి చూపించండి!"

ఫోన్లలో ఒక పేజీ తెరుచుకుంది. గుప్త చందాల పేజీ కనుక దాని మీద ఏ పార్టీ పేరూ లేదు. మామూలు డబ్బు వేస్తే దాన్ని క్రిప్టోగా మార్చి, ఎవరిచ్చారో తెలియకుండా చేరవేస్తుంది.

"ఇది డబ్బడుగుతోందండీ," అన్నాడు ముందు వరుసలోని మందుల షాపాయన.

"మన పార్టీలో డబ్బడగనిదేముందయ్యా? వేసెయ్!" అని పక్కాయన గదమాయించాడు.

ఆదర్శంగా ఉండాలని అధ్యక్షుడు అందరికన్నా ముందు, అందరికన్నా ఎక్కువ వేశాడు. ఆయన్ని మించకుండా, మరీ తగ్గకుండా మిగతావాళ్లూ వేశారు. కుర్చీలు అద్దెకిచ్చినాయన కూడా మొహమాటానికి పోయి వేశాడు.

భోజనాలకు లేవబోతుండగా ఫోన్లన్నీ ఒక్కసారి కూశాయి. ప్రతి తెర మీదా ఎదుటి పార్టీ నాయకుడు చేతులు జోడించి నవ్వుతున్నాడు. "గుప్త దాతకు వందనం! మీ సాయంతో ప్రత్యర్థుల్ని మట్టి కరిపిస్తాం!"

"మట్టి కరిపించేది మననేనటయ్యా?" అన్నాడు అధ్యక్షుడు. కార్యదర్శి బావమరిది చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కొచ్చాడు. "వెనక్కి రప్పించరా వెధవా!"

"క్రిప్టో వెనక్కి రాదు బావా. పోనీ అడుగుదామంటే, ఫలానా నేనిచ్చానని పేరు చెప్పుకుని వాళ్ల ఆఫీసుకెళ్లి అడగాలి."

వెళ్తానని ఎవరూ ముందుకు రాలేదు. అధ్యక్షుడు మాత్రం కార్యదర్శి మీద విరుచుకుపడ్డాడు. "నీకు టికెట్ లేదు పో! ఎందుకు లేదో రేపు పేపర్లో కారణంతో సహా వేయిస్తా!"

"వేయించండి అన్నయ్యగారూ," అంది కార్యదర్శి భార్య నెమ్మదిగా. "కారణమంటే మరి, వాళ్లకి అందరికన్నా ఎక్కువిచ్చిందెవరో కూడా రాయాలిగా."

అధ్యక్షుడు మంచినీళ్లు తాగాడు. గ్లాసు దించి బావమరిదిని దగ్గరికి పిలిచాడు.

"ఏమయ్యా, ఎవరిచ్చారో నిజంగా ఎవరికీ తెలీదంటావా?"

"దేవుడిక్కూడా తెలీదు సార్."

"మరి ఇంత మంచి పద్ధతిని ఇన్నాళ్లూ ఎందుకు తిట్టుకుంటున్నామయ్యా?"

తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్న హాలంతా చప్పట్లతో మారుమోగింది. పాత తీర్మానం చెత్తబుట్టలో పడింది. దాత పేరు అడగడమంటే దాతను అవమానించడమేనని, క్రిప్టో చందాలను పార్టీ మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తోందని ఏకగ్రీవంగా తీర్మానించారు. అదే ఊపులో కార్యదర్శికి టికెట్ కూడా ప్రకటించారు.

కొత్త తీర్మానాన్ని ఎవరు ప్రతిపాదించారో మాత్రం ఎక్కడా రాయలేదు.