ఉగ్గానిలో రాయి

ఆ ఉదయం ఉరుకుందప్ప పెట్టుకున్న పని ఒక్కటే. పత్తికొండలో కాబోయే వియ్యంకుడు ప్రేమయ్య ఇంటికి పోయి, కూతురి పెళ్ళికి ముహూర్తం ఖాయం చేసుకుని రావడం. వెంట బయల్దేరిన భార్య ఈరక్క గుమ్మంలోనే హెచ్చరించింది.

"నరం తీసిన పన్ను పెళుసంట. మీద క్యాప్ లేకుంటే చీల్తాదని డాక్టరమ్మ చెప్పలా? ఇప్పుడు పెట్టింది వారం దినాలకే. అసలుది వచ్చేదాకా గట్టివి కొరకద్దు."

"ఆ మాట వాళ్ళింట్లో ఎత్తినావంటే చూడు! సోడా మూతలు పళ్ళతో పీకినోన్ని నేను." ఆ పీకుడుకే పన్ను విరిగిందన్న సంగతి ఆయన చెప్పలేదు.

ప్రేమయ్య పెద్దకోడలు సుజన, నానబెట్టిన బొరుగులతో చేసిన ఉగ్గాని తెచ్చిపెట్టింది. మెత్తగా, కమ్మగా ఉంది. ఉరుకుందప్పను గొప్పలు ఊరుకోనివ్వలేదు.

"వేయించిన చెనిక్కాయలు లేవా తల్లీ? పళ్ళుండేది దేనికి?"

సుజన తటపటాయించి, చివరికి తెచ్చి వేసింది. రెండో బుక్కకే టక్కుమంది. బుక్కతోపాటు క్యాప్ ప్లేటులోకి జారింది. బొరుగుల్లో బొరుగంత క్యాప్! వేలితో బొరుగులు ఒక్కొక్కటే నెట్టి వెతకసాగాడు.

"ఏం బావా, రాయొచ్చినాదా?" అన్నాడు ప్రేమయ్య.

నోరు తెరిస్తే సందు కనబడుతుంది. ఉరుకుందప్ప అవునన్నట్టు తలూపాడు.

ప్రేమయ్య ఒక్కసారిగా లేచాడు. "ఏం సుజనా, వియ్యాలోళ్ళకు రాళ్ళు పెడతాండావా?"

"రెండుసార్లు జల్లించినా మామా" అంది సుజన. ప్రేమయ్య వినలేదు. గిన్నెడు ఉగ్గానీ గొడ్లకు వేయించాడు, బొరుగులమ్మినవాణ్ణి ఫోనులో తిట్టాడు. "ఇంత మర్యాద తక్కువయినంక ఈ పొద్దు ముహూర్తమేంది? ఇంకో దినం చూస్తాం" అని కూలబడ్డాడు.

సుజన కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రేపు తన కూతురు కాపురం చేయాల్సిన ఇల్లది. అక్కడ తన అబద్ధానికి మరొకరి కూతురు మాట పడుతోంది. ఉరుకుందప్పకు తల కొట్టేసినట్టయింది.

"రాయి కాదు బావా. నా పంటి క్యాప్. ఆ పిల్ల తప్పేం లేదు, నేనే అబద్ధమాడినా."

ప్రేమయ్య నెమ్మదిగా అన్నాడు. "క్యాప్ ఉండేది మాకు తెలుసు బావా. పొద్దున్నే మా చెల్లెలు ఈరక్కే ఫోన్ చేసినాది. నీకు చిన్నతనమని ఎవరం ఎత్తలేదు. సుజన నీకోసమే చెనిక్కాయలు వేయకుండా మెత్తగా చేసినాది. రాయి తగిలి క్యాప్ యాడ పోతాదోననే నా కోపమంతా."

ఉరుకుందప్ప భార్య వైపు చూశాడు. ఈరక్క ఫ్యాను వైపు చూస్తోంది. ప్రేమయ్య కోడలి ముఖం చూడలేక కండువా సర్దుకున్నాడు. సుజన ప్లేటులోంచి క్యాప్ ఏరి, కడిగి, కాగితంలో చుట్టి ఇచ్చింది.

"భద్రం చిన్నాయనా. డాక్టరమ్మకు చూపియ్యి."

"తప్పయింది తల్లీ" అని ఉరుకుందప్ప అందరి ముందూ చేతులు జోడించాడు. ఆ తర్వాతే ముహూర్తం కుదిరింది.

తిరుగు బస్సులో ఆయన ఒక్క గొప్పా చెప్పుకోలేదు. పత్తికొండకు తమ ఊరు ఇంత దగ్గరని ఈరక్కకు తెలిసింది అప్పుడే.