పాషాగారి టీ కెటిల్

ఫెస్ నగరంలోని దార్ రమ్మాన్ ప్యాలెస్ ఇకపై మామూలు మ్యూజియం కాదనీ, "సజీవ వారసత్వ కేంద్రం" అనీ మంత్రివర్యులు ప్రకటించారు. ప్రకటించిన మర్నాడే తనిఖీకి కూడా వచ్చేశారు, అదీ చెప్పిన టైముకి. మంత్రులు టైముకి రావడం ఆ ప్యాలెస్ చరిత్రలోనే లేదు కాబట్టి, కాపలాదారు బుసెల్హామ్ అప్పుడే పుదీనా టీ కాచుకుంటున్నాడు. ఇరవై ఆరేళ్లుగా ఆ టీ పడితేగాని అతనికి కాళ్లు కదలవు. కంగారులో తన సొట్టల కెటిల్‌ని, ఒకప్పుడు ఆ ప్యాలెస్‌లో ఉండి నగరాన్నేలిన పాషాగారి గదిలోని గూట్లోకి తోసేశాడు.

మంత్రిగారి కన్ను గోడల నగిషీల మీద పడలేదు. తిన్నగా కెటిల్ మీదే పడింది.

"ఇదేమిటి?" అన్నారు.

డైరెక్టర్ శ్రైబిగారు తెలియదని చెప్పే మనిషి కాదు. "పాషాగారి టీ కెటిల్ సార్. ఆ సొట్టలు యుద్ధంలో పడ్డవి."

ఆ సొట్టలు బుసెల్హామ్ భార్య విసిరినప్పుడు పడ్డవి. అదీ యుద్ధమే.

సాయంత్రానికల్లా కెటిల్‌కి గాజుపెట్టె, బోర్డు, చుట్టూ తాడు వచ్చాయి.

"అయ్యా, అది నా కెటిల్," అన్నాడు బుసెల్హామ్ డైరెక్టరుతో.

"ఏవయ్యా, పాషాదని మంత్రిగారు ఒప్పుకున్నారు. నువ్వు నీదంటున్నావు. మీ ఇద్దరిలో అబద్ధాలకోరు ఎవరో నువ్వే చెప్పు."

అంత ధైర్యమే ఉంటే కాపలా ఉద్యోగం ఎందుకు చేస్తాడు? గాజుపెట్టె తాళంచెవి మాత్రం అతని దగ్గరే ఉంది. రోజూ తలుపులు తీయకముందే చక్కెర గడ్డ సుత్తితో పగలగొట్టి, టీ కాచుకు తాగి, కెటిల్‌ని తుడిచి మళ్లీ పాషాకి అప్పగించేవాడు.

మరుసటి ఏడు మంత్రిగారు టీవీవాళ్లని వెంటబెట్టుకొచ్చారు. ఈసారి చెప్పిన టైముకన్నా ముందే. పెట్టె తెరిపించి, కెటిల్ మీద భక్తిగా చెయ్యివేసి, చటుక్కున తీసేశారు.

"వేడిగా ఉందేం?"

శ్రైబిగారు ఒక్కసారి బుసెల్హామ్ వైపు చూశారు. "సజీవ వారసత్వం అన్నది తమరే కదా సార్."

మంత్రిగారు కెమెరా వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

ఉద్యోగం ఊడిందనే అనుకున్నాడు బుసెల్హామ్. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఊడలేదు. రోజుకి మూడుసార్లు టీ కాచి, వారసత్వం వేడి తగ్గకుండా చూసే బాధ్యత అతనికే అప్పగించారు. పుదీనా, చక్కెర ప్రభుత్వానివే. అతనికి ప్రాణం లేచొచ్చింది. పేజీ తిప్పాడు.

"చారిత్రక వస్తువులోని టీని సిబ్బంది తాగరాదు."

ఆనాటి నుంచీ అతను రోజుకి మూడుసార్లు కమ్మగా టీ కాచి పెట్టెలో పెట్టి, తాడుకి ఇవతల నిలబడి, అది చల్లారేదాకా చూస్తున్నాడు.