కంటిన్యుటీ తప్పిన కొంగ

జూబిలీహిల్స్ గుట్టల నడుమనున్న నెమలికుంట ఇకమీదట తన ఫొటోను పోలి ఉండవలెనని కాలనీ సంక్షేమ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. కుంట తరఫున అభ్యంతరమేదీ రాలేదు.

కారణం సమంజసమైనదే. ‘ఉత్తమ సహజ జలాశయం’ పురస్కారానికి పంపిన దరఖాస్తుకు ఒక ఫొటో జతచేశారు. అందులో నీటికి పైన మూడు మెట్లు కనబడుతున్నాయి. గట్టున నాలుగు కొంగలు ఎడమకాలిపై నిలిచి ఉన్నాయి. సంఘాధ్యక్షులు రఘునందన్ గారు ముప్పై ఏళ్లు సినిమాలు తీసిన మహానుభావులు. ఒక షాట్‌లోని బొట్టు మరుసటి షాట్‌లో వెంట్రుకవాసి జరిగినా కంటిన్యుటీ పోయిందని షూటింగ్ ఆపించిన నిష్ఠాపరులు. అట్టివారు కొంగ కాలు మార్చుకుంటే ఎట్లు సహింతురు?

భారమంతా పార్కు మాలి హనుమంతు మీద పడింది. పదకొండేళ్లుగా అతడు తాత్కాలికోద్యోగి. పురస్కారం వస్తే పర్మనెంటు చేస్తామని అధ్యక్షులు మాట ఇచ్చారు. రామకార్యంలో ఆంజనేయుని సముద్రం దాటమన్నారే గాని, దానిని మూడు మెట్ల కింద నిలబెట్టమనలేదు. అయినా మన హనుమంతు సరేనన్నాడు.

ఆ వారమే వరుణదేవుడు దరఖాస్తు చదవకుండా కురిశాడు.

“ఏంటయ్యా హనుమంతూ, నా మెట్లేవి?”

“నీళ్లల్ల ఉన్నయ్ సారూ. వాన గట్ల పడ్డది.”

“పడితే పడనీ. కంటిన్యుటీ చూసుకోవద్దా?”

మోటార్లు పెట్టి తోడించారు. ఉత్సాహంలో ఐదు మెట్లు బయటపడగా, తక్కువైన నీటిని ట్యాంకర్లతో తెప్పించి పోయించారు. ఈ సంస్కరణలో చేపలు కాలువ పాలయ్యాయి. భక్తులు దేవుని పల్లకి వెంట కదిలినట్లు, కొంగలు చేపల వెంట బోరబండ వైపు తరలిపోయాయి.

హనుమంతు భార్య బుచ్చమ్మ నవ్వింది. “నీ నౌకరీ తీస్కపోయి కొంగల ముక్కుల వెట్టిండ్రు, అవి ఎగిరిపాయె. ఇగ కిరాయికి తెస్తవా ఏంది?”

అధ్యక్షులు అంతకంటె గొప్పవారు. కృష్ణానగర్ నుంచి సినిమా సెట్టింగుల కళాకారులను రప్పించి నాలుగు ఫైబర్ కొంగలు చేయించారు. నాలుగూ ఎడమకాలిపైనే. వానకు చలించవు, ఆకలికి లోబడవు. ఇట్టి స్థితప్రజ్ఞత మహర్షులకైనా దుర్లభం.

పురస్కారం తరఫున పరీక్షాధికారిణి గీతిక గారు వచ్చిన ఉదయమే, ఎక్కడినుంచో ఒక నిజమైన కొంగ వచ్చి ఆ నాలుగింటి సరసన వాలింది. హనుమంతుకు ప్రాణం లేచివచ్చింది. మరుక్షణమే ఫొటోలో ఉన్నవి నాలుగేనని గుర్తుకొచ్చి, వచ్చిన ప్రాణం పోయింది.

“ప్రకృతి మా ప్రాణం! దానిని ఉన్నదున్నట్లు ఉంచడమే మా వ్రతం!” అని రఘునందన్ గారు ఉపన్యసించారు.

పాలను, నీళ్లను వేరుచేసే హంస వలె గీతిక గారు ఐదింటినీ పరీక్షగా చూశారు. “ఆ నాలుగూ ఎంత సహజంగా ఉన్నాయండీ! ఐదోదే కాస్త అతిగా ఉంది. ఆ మెడ తిప్పడమేంటి? బ్యాటరీ బొమ్మ పెట్టారా?”

“పొరపాటండీ, తీయించేస్తాం!” అని అధ్యక్షులు హనుమంతు వైపు చూశారు.

హనుమంతుకు పదకొండేళ్లు కళ్లముందు తిరిగాయి. భుజం మీది తువ్వాలు తీసి విసిరాడు. కొంగ ఎగిరిపోయింది.

పురస్కారం వచ్చింది. మాట తప్పని అధ్యక్షులు పర్మనెంటు ఉత్తర్వు చేతికిచ్చారు. అందులో విధి ఒక్కటే: ‘జలాశయ సహజత్వమునకు భంగము కలిగించు పక్షులను తోలివేయుట.’

ఆ కొంగ నేటికీ రోజూ వస్తుంది. హనుమంతు తువ్వాలు ఊపుతూ బతిమాలుకుంటాడు: “జర ఏమనుకోకు తల్లీ. గీడ కొంగల పోస్టులు నాలుగే, నాలుగూ పర్మనెంటే.”

ఆదివారాలు జనం కుటుంబాలతో వచ్చి, ఫైబర్ కొంగల పక్కన ఒంటికాలిపై నిలిచి ఫొటోలు దిగుతున్నారు. మొన్న తమరి ఫొటో కూడా చూశాము. ఎంతో సహజంగా ఉన్నారు.