నైతికమైన ఎడమకాలు

"నేటినుంచి మా సంస్థ ఏ పేదవాడి కన్నీటినీ కెమెరాకు అమ్ముకోదు!" అని అధ్యక్షులవారు మైకు ముందు ప్రకటించగానే హాలు చప్పట్లతో మారుమోగింది. నేనూ కొట్టాను. ఇన్నాళ్ళూ ఆ కన్నీళ్ళను ఫొటో తీసింది నేనే గనక కాస్త గట్టిగానే కొట్టాను.

మా సంస్థ కాళ్ళు పోయినవాళ్ళకు కృత్రిమ కాళ్ళు పెట్టిస్తుంది. ఫొటో తీసి, కథ రాసి, పత్రికల్లో వేస్తే దాతల గుండె కరుగుతుంది. అప్పుడు కాలు వస్తుంది. ఇది పాత పద్ధతి. చాలా అమానుషమైన పద్ధతి అని అధ్యక్షులవారు ఒక పెద్ద హోటల్లో జరిగిన సదస్సుకు వెళ్ళి తెలుసుకొచ్చారు. ఇకమీదట ఫొటోలూ కథలూ ఏఐ తయారుచేస్తుంది. అదీ నైతికంగా. అందుకు ఒక ఎథిక్స్ కమిటీ వేశారు. చైర్మన్ అధ్యక్షులవారు, సభ్యులు సెక్రటరీగారూ, అధ్యక్షులవారి బావమరిది డాక్టరుగారూ. అంతటి మనిషిని ఓ కంట కనిపెట్టాలంటే అంతటి మనుషులే ఉండాలి మరి.

ఈ కొత్త పద్ధతికి మొదటి అదృష్టవంతురాలు మా వీధి టైలరమ్మ. లారీ ప్రమాదంలో ఆమె కుడికాలు మోకాలి కిందినుంచి పోయింది. మిగిలిన ఎడమకాలితోనే మిషను తొక్కుతూ ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. ఒక బట్టల ఫ్యాక్టరీవాళ్ళు సూపర్‌వైజరు ఉద్యోగం ఇస్తామన్నారు. ఫ్యాక్టరీ మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మెట్లెక్కగలిగితే ఉద్యోగం ఆమెది, లేకపోతే ఇంకొకరిది. వాళ్ళు ఎన్నాళ్ళో ఆగరని నేనే ఆమెను ఆఫీసుకు తీసుకెళ్ళాను.

"నా ఫొటో వేసుకోండి సార్. నాకేం అభ్యంతరం లేదు. పేరు కూడా రాసుకోండి" అంది టైలరమ్మ.

అధ్యక్షులవారు బాధతో కళ్ళు మూసుకున్నారు.

"తప్పమ్మా. అవసరంలో ఉన్నవాళ్ళు ఇచ్చే సమ్మతి సమ్మతే కాదు. పాలసీలో రాసుకున్నాం. మాకు నీ డిగ్నిటీ ముఖ్యం."

"అంటే ఏంటి సార్?"

"అది మేం ఇస్తాంలే. నువ్వు కంగారుపడకు."

"మరి కాలు?"

"అదీ వస్తుంది. ముందు ఇది."

సెక్రటరీగారు కంప్యూటర్ ముందు కూర్చుని "కాలు పోయిన పేద మహిళ, కళ్ళలో ఆశ" అని కొట్టారు. మొదట వచ్చిన బొమ్మకు మూడు కాళ్ళున్నాయి. "ఈమెకు మన సాయం అక్కర్లేదు" అని తీసేశారు. రెండోది ముద్దొచ్చేలా వచ్చింది. ఆ చిరిగిన బట్టలు కూడా అప్పుడే ఇస్త్రీ చేసి తొడిగినట్టున్నాయి.

నేను ఉండబట్టలేక, "సార్, టైలరమ్మకు పోయింది కుడికాలు. బొమ్మలో ఎడమకాలు లేదు" అన్నాను.

"అద్భుతం!" అన్నారు అధ్యక్షులవారు. "ఇక ఆమెను ఎవరు గుర్తుపడతారు? ప్రైవసీ అంటే అదేనయ్యా!"

అంతలో సెక్రటరీగారికి ధర్మసందేహం వచ్చింది. బొమ్మ వేసుకోవడానికి బొమ్మ సమ్మతి అక్కర్లేదా? కంప్యూటర్‌నే అడిగారు. "తప్పకుండా వేసుకోండి, నాకెంతో సంతోషం" అని బొమ్మలోని మహిళ తరఫున జవాబొచ్చింది. అధ్యక్షులవారి కళ్ళు చెమర్చాయి.

"చూశావా, ఏ ఒత్తిడీ లేని సమ్మతి! ఇలాంటిది మనుషుల దగ్గర దొరుకుతుందా?"

కథ అచ్చయింది. దాతలు ఎగబడ్డారు. ఒకాయన ఆమెను పెళ్ళి చేసుకుంటానని కూడా రాశాడు. ఒక కంపెనీ యజమాని ఆమెకు తానే స్వయంగా కాలు తెప్పిస్తానన్నాడు. ఉత్తమ నైతిక కథనానికి అధ్యక్షులవారికి అవార్డు వచ్చింది. అది అందుకుంటూ ఆయన మనుషుల కష్టాన్ని మనుషులకు దూరంగా ఉంచడం గురించి మాట్లాడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఫొటోలు తీశాను. ఆయన ఫొటో తీయకూడదని పాలసీలో లేదు.

టైలరమ్మ నేను కనిపించినప్పుడల్లా, "అన్నయ్యా, నా కాలు ఎంతవరకు వచ్చింది?" అని అడిగేది.

"ఎథిక్స్ దాకా వచ్చిందమ్మా" అనేవాణ్ణి.

ఒకరోజు నిజంగానే వచ్చింది. ఆఫీసులో పెట్టె విప్పారు. ఖరీదైన కాలు, చూడముచ్చటగా ఉంది. టైలరమ్మ దాన్నోసారి చూసింది, కిందికోసారి చూసుకుంది.

"ఇది నాకుంది సార్" అంది.

ఆమెను బయట కూర్చోబెట్టి తలుపేశారు. "వాపసిచ్చి కుడికాలు తెప్పిద్దాం సార్" అన్నాను.

"దాత ఇచ్చింది బొమ్మలో లేని కాలికయ్యా. దాన్ని మార్చేస్తే దాతను మోసం చేసినట్టు కాదూ?"

"పోనీ, బొమ్మ తప్పని చెప్పేద్దాం."

"అవార్డు తీసుకున్నాకా? ఇచ్చినవాళ్ళ డిగ్నిటీ ఏం కావాలి?"

పైగా ఆ యజమాని వచ్చేవారం టీవీవాళ్ళను వెంటబెట్టుకుని, ఆమె కొత్త ఎడమకాలితో మెట్లెక్కడం చూడ్డానికి వస్తున్నాడు. మొహం తేడాను ప్రైవసీ అని సర్దిచెప్పొచ్చు, కాలి తేడాకు ఏం చెప్పాలి? టైలరమ్మను ఇంటికి పంపేసి కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. చాలాసేపటికి డాక్టరుగారు చిరునవ్వుతో బయటికొచ్చారు. అధ్యక్షులవారు నా భుజం మీద చెయ్యేశారు.

"డాక్టరుగారు మార్గం చెప్పారయ్యా. చిన్న ఆపరేషనేనట. మోకాలి కింద. ఖర్చంతా సంస్థదే."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన చెయ్యి భుజం మీంచి తీసేశాను.

"మరి కుడికాలు సార్?" అన్నాను చివరికి.

"దానికి ఇంకో కథ వేద్దాం. కానీ ఒక్కమాట. బలవంతం పనికిరాదు. ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకోనిదే ఒంటిమీద చెయ్యి కూడా వెయ్యం. మనకు విలువలున్నాయి. వెళ్ళి సమ్మతి తీసుకురా."

వెళ్ళాను. టైలరమ్మ మిషను తొక్కుతోంది. ఫ్యాక్టరీనుంచి కబురొచ్చిందట, ఇక ఆగలేమని.

"ఏమన్నారన్నయ్యా?"

"నీ సమ్మతి తీసుకురమ్మన్నారమ్మా" అన్నాను. దేనికో చెప్పకుండా, మిషను తొక్కుతున్న ఆమె ఎడమకాలి వంక చూశాను.

ఆమె మొహం వెలిగిపోయింది. మిషను ఆపి, గుడ్డ పక్కకు నెట్టి, చేతులు తుడుచుకుంది.

"ఇన్నాళ్ళకు అడిగారా మహానుభావులు! ఎక్కడ పెట్టాలి సంతకం?"