పదో చేప

సత్యారావు కూతురు మెయిన్‌ల్యాండులో రెండు చదువులు చదివి వచ్చిందనీ, అందులో ఒకటి రోగాన్ని తగ్గించే చదువనీ, రెండోది రోగుల్ని పెంచే చదువనీ అప్పలకొండమ్మ అన్నదట. తనకు ఇంకెవరో చెబితేనే అన్నాననీ, కావాలంటే చేపల గంప మీద ఒట్టనీ కూడా అన్నదట. పోర్ట్ బ్లెయిర్‌కు ఎదురొడ్డున ఉన్న హోప్ టౌన్‌లో అప్పలకొండమ్మ ఇల్లూ, సత్యారావు మందుల షాపూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. అయినా ఆ మాట ఊరంతా తిరిగి, పెద్దమ్మ వరసయ్యే కాళమ్మ నోటి మీదుగా గోడకు ఇవతలికి వచ్చేసరికి ఒక పూట పట్టింది.

విన్నాక సుచరిత నొచ్చుకోలేదు. అందులో అబద్ధం పెద్దగా లేదు. ఆమె ఫార్మ్‌డీ, ఎంబీఏ రెండూ కలిపి ఒకే కాలేజీలో చదివింది. ఒక మందు ఎవరెవరికి ఇవ్వకూడదో సోమవారం పరీక్షలో రాసేది. అదే మందును అందరిచేతా ఎలా కొనిపించాలో బుధవారం పరీక్షలో రాసేది. రెండింటిలోనూ ఫస్టుక్లాసే. ఆ రెండు చదువులూ ఆమె బుర్రలో, ఒకే ఇంటికి వచ్చిన తోడికోడళ్ళలా, మాటామంతీ లేకుండా కాపురం చేస్తున్నాయి.

సత్యారావు సోంపేట వైపు నుంచి వచ్చి షాపు పెట్టి ముప్పై ఏళ్ళు. ఆ ముప్పై ఏళ్ళలో ఆయన ఏ మనిషినీ "మళ్ళీ రా" అనలేదు. మందుల షాపులో అనకూడదు. కొనేవాళ్ళూ అంతే. ఎవరింటి నుంచి లేచినా "వెళ్ళొస్తాం" అనే జనం, ఇక్కడ మాత్రం పొట్లం తీసుకుని, దొంగిలించిన సొమ్ములా గుప్పిట్లో దాచుకుని, మాట్లాడకుండా మెట్లు దిగిపోతారు. వెళ్ళొస్తామంటే రోగం కూడా వెళ్ళొస్తానంటుందని భయం. చావు జరిగిన ఇంట్లో ఏ మర్యాదో ఇక్కడా అదే.

అలాంటి షాపులో సుచరిత కార్డు పెట్టింది. నీలం అట్ట మీద వల బొమ్మ, ఆ వలలో పది ఖాళీ గళ్ళు. బీపీకో షుగరుకో వాడే మాత్రలు ఒక స్ట్రిప్పు కొంటే ఒక గడిలో ఎర్రసిరాతో చేప ముద్ర పడుతుంది. పది చేపలతో వల నిండితే బహుమతి. ఊళ్ళో సగంమంది చేపలు పట్టేవాళ్ళే కాబట్టి వల బొమ్మ చూడగానే నచ్చుతుందని ఎంబీఏ చదువు చెప్పింది.

"మందుల షాపులో మళ్ళీ రమ్మంటారేటే?" అన్నాడు సత్యారావు.

"దీన్ని కస్టమర్ రిటెన్షన్ అంటారు నాన్నా."

"అంటే?"

"వచ్చినోళ్ళని చేజారిపోకుండా పట్టుకోడం."

"అది పోలీసోళ్ళ పని కదే!"

"అది కాదు నాన్నా. వీళ్ళు ఓ నెల మాత్రలేసుకుని ఓ నెల మానేస్తున్నారు. చేప కోసమైనా టైముకొస్తే మంచిదేగా?"

ఈ మాట అన్నది ఫార్మసీ చదువు. కార్డు పెట్టిన ఐదు నెలల్లో జనం నిజంగానే టైముకు వచ్చారు. అందరికంటే ముఖ్యంగా బంగారురాజు వచ్చాడు. సత్యారావుకు అన్న వరస. రెండేళ్ళ కిందట మూతి వంకర తిరిగి, దేవుడి దయవల్ల సర్దుకుంది. బీపీ మాత్ర రోజూ పడకపోతే రెండోసారి మూతితో ఆగదని డాక్టరు చెప్పాడు. బంగారురాజు కార్డులో తొమ్మిది చేపలు పడ్డాయి.

ఆ సోమవారం పొద్దున్న సుచరిత వేసుకున్న పథకం చాలా చిన్నది. మొట్టమొదట వల నిండుతున్నది షుగరు మాత్రలు కొనే యర్రయ్యది. ఆయనకు పదో చేప ముద్ర వేసి, గొడుగు బహుమతి ఇచ్చి, ఫోటో తీసి, పటం కట్టించి షాపు గోడకు తగిలించాలి. అనుకున్నట్టే అన్నీ చేసింది. ఫోటోలో యర్రయ్య నల్ల గొడుగు పట్టుకుని, ఎవరో వెనక నుంచి పిలిచినట్టు కొంచెం పక్కకు చూస్తున్నాడు.

మంగళవారం తెల్లారేసరికి వాన వెలిసింది. జెట్టీ పక్క రాళ్ళ మీద నల్ల గొడుగు తెరుచుకుని, తలకిందులుగా పడి ఉంది. దాని నిండా నీళ్ళు. ఆ నీళ్ళలో వేలెడు చేప ఒకటి చచ్చి తేలుతోంది. యర్రయ్య ఇంటికి తాళం. యర్రయ్య ఫోను పలకడం లేదు. మందుల షాపు గోడ మీద యర్రయ్య పటం మాత్రం కొత్తగా మెరుస్తోంది.

"అప్పుడే పటం కూడా కట్టించీసినారా?" అన్నది కాళమ్మ. బంగారురాజు భార్య. రాళ్ళ దగ్గర నిలబడ్డవాళ్ళలో ఎవరో మెల్లగా అడిగారు. "వల నిండితే ఏటి సేత్తాం?"

"లాగేత్తాం," అన్నారు ఇంకెవరో.

మధ్యాహ్నానికి ఈ రెండు మాటలూ ప్రతి గడపా తొక్కాయి. జనం గూట్లోంచి కార్డులు తీసి చూసుకున్నారు. అంతవరకూ ఆ వల తమదే అనుకున్నవాళ్ళకు, అందులో పడింది తామేనని ఆ పూట తెలిసొచ్చింది.

బుధవారం షాపుకు ఇద్దరు వచ్చారు. ఇద్దరూ దగ్గుమందే అడిగారు, అదీ మెట్ల కిందే నిలబడి. గురువారం ఎవరూ రాలేదు. శుక్రవారం సుచరిత రిజిస్టరు తిరగేసి చూసింది. బంగారురాజు స్ట్రిప్పు మంగళవారమే అయిపోయింది. మూడు రోజులుగా ఆయన ఒంట్లో మాత్ర లేదు.

బీపీ మిషనూ, ఒక స్ట్రిప్పూ సంచిలో వేసుకుని సాయంత్రం ఆయన ఇంటికి బయలుదేరింది. ఐదు కొట్టకుండానే చీకటి పడే దీవులివి. అప్పటికే నీళ్ళు నల్లబడ్డాయి. అవతలి ఒడ్డున పోర్ట్ బ్లెయిర్ దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఇవతల మాత్రం కరెంటు లేదు. బంగారురాజు అరుగు మీద లాంతరు పెట్టుకుని వల బాగుచేసుకుంటున్నాడు. కాళమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. బీపీ చూస్తే నూట తొంభై దాటింది.

"పెదనాన్నా, ముద్ర వెయ్యను. కార్డు చింపేద్దాం. మాత్ర ఒక్కటి వేసుకో."

"రాసుకోకపోతే వల్లో పడ్డ సేప లేనట్టేనేటమ్మా?" అన్నాడు బంగారురాజు, తల ఎత్తకుండా. "లెక్క నీ కాడ లేదు. ఆడి కాడుంది."

"ఎవడి కాడ?"

ఆయన సముద్రం వైపు గడ్డం చూపించాడు. అక్కడ డింగీ పడవలు తాళ్ళకు అటూ ఇటూ ఊగుతున్నాయి.

"ఇది సూడు," అంటూ వలలో చిరుగును లాంతరు ముందు పట్టి, అందులోంచి తన మూడు వేళ్ళు బయటికి చాపాడు. "నెల్లాళ్ళు ఇలాగే ఏసినాను. సిరిగిన వల జన్మలో నిండదు. నిండకపోతే లాగీదీ లేదు. నువ్వేమో కొత్త వలిచ్చినావు."

సుచరిత ఏదో అనబోయింది. అప్పుడే పక్కింట్లో ఫోను మోగింది. ఆ వెంటనే ఎదురింట్లో మోగింది. తర్వాత వీధి చివర. తర్వాత బంగారురాజు చొక్కా జేబులో. ఆయన అలవాటు కొద్దీ నొక్కాడు.

"నమస్కారం," అన్నది జేబు, సుచరిత గొంతుతో. "మీ వల నిండడానికి ఇంకొక్క చేపే తక్కువ. మీ కోసమే ఎదురుచూస్తున్నాం. తప్పకుండా రండి."

సుచరిత వాళ్ళ కళ్ళ ముందే నోరు మూసుకుని నిలబడి ఉంది. పక్కింటి చీకట్లోంచి అదే గొంతు, అదే తియ్యదనంతో, "మీ కోసమే ఎదురుచూస్తున్నాం" అన్నది. వీధి చివరి నుంచి "తప్పకుండా రండి" అన్నది.

"ఏటండీ!" అన్నది కాళమ్మ, మొగుడి భుజం పట్టుకుని. "ఈ గుంట నోరు కదపకుండా మాటాడతంది!"

పదిహేను రోజుల కిందట సుచరిత ఆ మాటలు ఫోనులో రికార్డు చేసి పెట్టింది. కుర్రవాళ్ళకు తెలుగు చదవడం రాదు, పెద్దవాళ్ళు మెసేజీ తెరవరు, అందుకని గొంతుతోనే చెప్పాలనుకుంది. తొమ్మిది చేపలు పడ్డ ప్రతి ఇంటికీ శుక్రవారం ఐదింటికి కాల్ వెళ్ళేలా పెట్టి, ఆ సంగతి మరిచిపోయింది. ఎవరైనా పూర్తిగా వినకుండా పెట్టేస్తే పది నిమిషాలకు మళ్ళీ మోగుతుంది. ఆ సాయంత్రం హోప్ టౌన్‌లో పూర్తిగా విన్నవాళ్ళు లేరు. సుచరిత ఇల్లు చేరి కంప్యూటరులో దాన్ని ఆపేసరికి ఆ గొంతు ఊరిని మూడుసార్లు పిలిచింది.

శనివారం పొద్దున్న షాపు తలుపు తీస్తే మెట్ల మీద నీలం కార్డుల కుప్ప. పైన రెండు చెక్కలు చేసిన నిమ్మకాయ, దాని నిండా కుంకుమ.

"నీ రిటెన్షన్ వాకిట్లోకొచ్చి కూకుంది, సూసుకో," అన్నాడు సత్యారావు. తర్వాత గొంతు తగ్గించి, "మా అన్నకి ఏదైనా అయితే నేను కాళమ్మ మొహం చూడలేనే," అన్నాడు.

సుచరిత ఆ కుప్పను ఎత్తి లోపలికి తెచ్చింది. ఎంబీఏ చదువును అడిగితే అది క్షమాపణ కరపత్రం వెయ్యమంది. ఫార్మసీ చదువు మందు గుణాలు విడమరిచి చెప్పమంది. రెండింటినీ పక్కన పెట్టి, లాంతరు ముందు చాచిన మూడు వేళ్ళను తలుచుకుంది. ఫైళ్ళకు కన్నాలు వేసే పంచింగ్ మిషను బల్ల మీద పెట్టి, తండ్రిని పంపి అందరినీ పిలిపించింది. దూరంగా నిలబడతామనే షరతు మీద వచ్చారు.

ఒక్కొక్కరి కార్డూ పైకెత్తి చూపిస్తూ, వల బొమ్మ నడిమధ్య టకామని కన్నం వేసింది. "ఇదిగో, చిరిగిపోయింది. ఇంక ఇది జన్మలో నిండదు."

బంగారురాజు తన కార్డు తీసుకుని, కన్నానికి కన్ను ఆనించి, అందులోంచి సముద్రాన్ని చాలాసేపు చూశాడు. చిటికెన వేలు దూర్చి చూశాడు.

"పక్కా," అన్నాడు. "ఇందులోంచి ఏదైనా ఎలిపోద్ది."

స్ట్రిప్పు తీసుకుని, అక్కడే మాత్ర మింగి, నోరు తెరిచి చూపించాడు. మిగిలినవాళ్ళు మెట్లు ఎక్కారు.

సరిగ్గా అప్పుడు జెట్టీ వైపు నుంచి యర్రయ్య నడిచొచ్చాడు.

జనం రెండుగా చీలి దారిచ్చారు. యర్రయ్య మెట్లెక్కి, గోడ మీద తన పటాన్ని చూసి, పటం కింద నిలబడి, "షుగరు మాత్రలున్నాయేటమ్మా?" అన్నాడు. కాళమ్మ వంగి ఆయన పాదాలు ముందుకున్నాయో వెనక్కున్నాయో చూసింది.

సుచరిత ఆయన వేలు పట్టుకుని సూదితో గుచ్చింది. ఎర్రటి చుక్క వచ్చింది. దాన్ని మిషనుకు అంటించి, అంకె పడేదాకా ఆగి, అందరికీ వినిపించేలా చదివింది. "మూడొందల పన్నెండు. చచ్చినోళ్ళకి ఇంత షుగరుండదు."

"అయిదు రోజులూ స్వీట్లే తిన్నాను మరి," అన్నాడు యర్రయ్య సిగ్గుపడుతూ. "అవతల దీవిలో, హట్ బేలో మా అమ్మాయికి పురుడు. సోమవారం రాత్రే ఫోనొచ్చింది. తెల్లారగట్ల జెట్టీ కాడ గాలికి గొడుగెగిరిపోనాది. దాన్ని పట్టుకోబోతే ఫోనూ, నువ్విచ్చిన మాత్రలూ నీళ్ళలో పడిపోనాయి. షిప్పేమో ఆగదు. పన్నెండేళ్ళకి కడుపు పండిందమ్మా. కవలలు. ఇద్దరూ మగపిల్లలే."

జనం వేళ్ళ మీద లెక్క కట్టుకోవడం సుచరితకు కనబడింది. సోమవారం పొద్దున్న పదో చేప. సోమవారం రాత్రి ఫోను. పన్నెండేళ్ళు. కవలలు. ఒక్కొక్క తలా మెల్లగా వంగి, చేతిలో కార్డుకు పడ్డ కన్నం వైపు చూసింది.

"ఓలమ్మో!" అన్నది అప్పలకొండమ్మ. "వల నిండే వేళకి సింపీసిందే!"

గంట తిరిగేసరికి మెట్ల నుంచి రోడ్డు దాకా లైను. ముప్పై ఏళ్ళలో సత్యారావు ఎప్పుడూ చూడని లైను. కన్నం లేని కొత్త కార్డులు కావాలి. పాత చేపలు అందులోకి ఎక్కించాలి. పదేసి స్ట్రిప్పులు ఒకేసారి కావాలి. మొన్నటిదాకా మాత్ర పేరెత్తితే పారిపోయినవాళ్ళు, ఇప్పుడు వంతు కోసం తోసుకుంటున్నారు. అందరి కళ్ళూ ఎర్రసిరా ముద్ర మీదే. తను పరీక్షలో రాసింది ఇలాంటి లైను గురించేనని సుచరితకు గుర్తొచ్చింది.

డాక్టరు చీటీ ఉన్నవాళ్ళకే, ఉన్నంతవరకే అని ఆమె గట్టిగా చెప్పింది. బంగారురాజుకు కొత్త కార్డులో తొమ్మిది చేపలు ఎక్కించి, పొద్దున్న తీసుకున్న స్ట్రిప్పుకు పదోది వేసింది. రోజుకు ఒక్కటే మింగుతానని ఆయనచేత ఒట్టు వేయించుకుంది. ఆయన వెనకే కాళమ్మ వచ్చి చెయ్యి చాపింది.

"నీకెందుకు పెద్దమ్మా?" అన్నది సుచరిత. "నీకు బీపీ లేదు, షుగరు లేదు. రోగం లేనోళ్ళకి మందిస్తే అదే విషం. నీకివ్వకూడదు."

కాళమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. కొంగు దులుపుకుని, గోడ పక్కనున్న బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"మరి ఆ రోగం నాకెప్పుడొస్తాదో సెప్పు. వొచ్చినదాకా ఇక్కడే కూకుంటాను."