గేటు బయటి యోగం

రాజంపేట పరిసరాల్లోని మూగజీవుల కష్టాలు గత శ్రావణమాసంలో ఒక శుక్రవారం ఉదయం పరిసమాప్తమైనవని తెలియజేయుటకు మిక్కిలి సంతోషిస్తున్నాము. పట్టణ ప్రముఖుల చందాలతో నిర్మితమైన సర్వభూతదయా పశువైద్యశాలకు ఆనాడు ప్రారంభోత్సవం జరిగింది. ఇకమీదట ఈ ప్రాంతంలో ఏ ప్రాణికి జబ్బు చేసినా అది ఆ ప్రాణి అజాగ్రత్త వల్లనే తప్ప సమాజంలో దయ కొరవడడం వల్ల కాదని సహృదయులు గ్రహించగలరు.

భవనం చూడముచ్చటగా ఉన్నది. జాతికుక్కలకు చల్లని గది, పిల్లులకు అద్దాల గది కట్టించారు. వీధికుక్కలకు గాలి ధారాళంగా వీచే వసతి కల్పించారు. దానికి గోడలు, పైకప్పు లేవు కనుక గాలికి ఏ అడ్డమూ లేదు. రక్షింపబడిన జంతువులకు ప్రత్యేక విభాగమున్నది. ఆ ఉదయమే మాంసం అంగళ్ల ముందు తిరుగుతున్న కుక్కలను పట్టి తెచ్చి, స్నానం చేయించి, మెడలో ‘రక్షింపబడినది’ అన్న అట్టముక్కలు కట్టారు. ఏ ఆపద నుంచి రక్షింపబడ్డామో తెలియక అవి ఒకదాని ముఖం ఒకటి చూసుకొన్నాయి. సభ ముగిసిన వెంటనే వాటిని తిరిగి ఆపదలోనికి విడిచిపెట్టే ఏర్పాటు కూడా జరిగింది. ఇనుప గేటుకు పైన, దూరానికి కనిపించే అక్షరాలతో, ‘సకల జీవులకు స్వాగతం’ అని రాయించారు.

వైద్యశాల అధ్యక్షులు అనంతయ్య గారు వస్త్రవ్యాపారి, ధర్మచింతన గలవారు. వారి అంగడిలో గల్లాపెట్టెకు ఎదురుగా జంట గాడిదల పటం ఉంటుంది. దాని కింద ‘నన్ను చూడుము, యోగము కలుగును’ అని ఉంటుంది. ఆ పటం ఎటువంటిదో పాఠకులకు చెప్పనవసరం లేదు. ఉదయం షట్టరు ఎత్తగానే ముందు గాడిదలకు, ఆ తరువాత వేంకటేశ్వరస్వామికి హారతి ఇవ్వడం అనంతయ్య గారి నియమం. ఒక్క గది అంగడి మూడంతస్తుల మేడ కావడం ఆ గాడిదల చలవేనని వారి నమ్మకం. గుమాస్తాల జీతాలు మాత్రం నేలమీదనే నిలిచిపోవడం గుమాస్తాలు సరిగా దండం పెట్టకపోవడం వల్ల. శీతలాదేవికి వాహనమైన జంతువు మరి. అంత మహిమ గల పటానికి నకలు ఒకటి చేయించి, అనంతయ్య గారు దానిని వైద్యశాల గుమ్మం పక్కన తగిలించి మల్లెపూల దండ వేయించారు.

ఇక బోణీ సంగతి. అంగడికి మొదటి బేరం ఎటువంటిదో ఆస్పత్రికి మొదటి రోగి అటువంటివాడు. కాబట్టి మొదటి రోగి శుభప్రదమైన ప్రాణియై ఉండవలెనని కార్యవర్గం తీర్మానించింది. గోమాత పేరు ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. కార్యదర్శి నరసింహ గారు, మంగంపేట ముగ్గురాయి గనుల నుంచి లారీలు నడిపించే పెద్ద రైతుబిడ్డ, తమ తోటలోని ఆవును ఇవ్వడానికి ముందుకు వచ్చారు.

అయితే ఆ ఆవుకు ఏ జబ్బూ లేదు. ఈ లోపాన్ని సవరించడానికి కార్యవర్గం మరల సమావేశమైంది. జ్వరం అందామంటే శుభకార్యం నాడు ఆ మాట పనికిరాదు. విరేచనాలు అతిథుల ఎదుట అసభ్యం. కుంటు అంటే ఫొటోలో నడక బాగుండదు. సుదీర్ఘ చర్చ అనంతరం ఆవు ‘కొంచెం దిగులుగా ఉన్నది’ అని నిర్ణయించారు. దిగులుకు చికిత్స సూదిమందు. కానీ శుక్రవారం పూట గోమాత ఒంటి నుంచి రక్తపుచుక్క రాలరాదు గనుక సూది లేని సిరంజితో సూదిమందు ఇవ్వవలసిందిగా డాక్టరుకు ఆదేశం వెళ్లింది. డాక్టరు సాహితి కర్నూలు అమ్మాయి. చిన్న వయసు. జబ్బు ఉన్న ప్రాణికే వైద్యం చేయాలన్న అపోహ ఆమెకు ఇంకా వదలలేదు.

ముహూర్తానికి ముందే గేటు దగ్గర ఒక అపశ్రుతి వినిపించింది. గాడిద పాలు అమ్ముకొనే మారెక్క తన గాడిద ముత్యాలును పట్టుకొని వచ్చింది. ఈ ఊరిలో ఏ పసిబిడ్డకు దగ్గు, ఆయాసం వచ్చినా తల్లులు తెల్లవారకముందే ఉగ్గుగిన్నె పట్టుకొని మారెక్క కేక కోసం వాకిట్లో నిలబడతారు. అనంతయ్య గారి మనుమడు ఆ పాలతోనే తేరుకొన్నాడు. అటువంటి ముత్యాలు ఇప్పుడు నొప్పులు పడుతూ గేటు ముందు కూలబడింది. పిల్ల ముందుకాళ్లు బయటికి వచ్చాయి, తల రాలేదు. పిల్ల చస్తే పాలు ఉండవు. తల్లి చస్తే మారెక్కకు కూడు ఉండదు.

కావలివాడు ఓబుళేశు పరుగున వచ్చాడు.

“ఏమక్కా, ఈ పొద్దే తేవల్నా దీన్ని? పెద్దోళ్లొస్తాండారు. రేపు తీస్కరాపో.”

“నొప్పులకు రేపు రమ్మని నువ్వే సెప్పబ్బీ. నా మాట ఇనడంల్యా.”

“అట్లంటే ఎట్లక్కా? ఈ పొద్దు ఆవుతో బోణీ.”

“ఆవుకేమొచ్చె?”

“దిగులంట.”

“నరసింహప్ప తోటలో తిని పండుకునే ఆవుకు దిగులా? దిగులు నాకుండాది. ఆ సూదేదో నాకెయ్యమనప్పా!”

ఈ మాటలు విని డాక్టరు సాహితి వచ్చి చూసింది. చూసి నేరుగా అధ్యక్షుల వద్దకు వెళ్లింది.

“సార్, పిల్ల తల వెనక్కి మడుచుకుని ఉంది. ఇప్పుడే లోపలికి తెచ్చి సరిచెయ్యకపోతే తల్లీ పిల్లా రెండూ పోతాయి.”

అనంతయ్య గారి కళ్లు చెమర్చాయి. “తల్లీ, నేను వద్దంటానా? గాడిదంటే నాకెంత భక్తో ఊరందరికీ తెలుసు. బోణీ ఒక్కటి కానీ. గాడిదతో బోణీ చేస్తే యాడాది పొడుగూతా గాడిదలే వస్తాయి.”

“రానీండి సార్. జంతువుల ఆస్పత్రే కదా ఇది.”

“ఆస్పత్రే తల్లీ. మర్యాదస్తుల ఆస్పత్రి.”

“మరి గోడకు దండేసి పెట్టిందేంది సార్?”

“అది పటం తల్లీ!” అన్నారు అనంతయ్య గారు, ఇంత చదివిన పిల్లకు ఇంత చిన్న తేడా తెలియనందుకు నొచ్చుకొంటూ. పటంలోని గాడిద ఓండ్ర పెట్టదు, లద్దె వేయదు, కనదు. పూజార్హతకు ఇంతకు మించిన లక్షణాలు ఏ శాస్త్రంలోనూ చెప్పలేదు.

వివాదం స్వాగతపద్యం కోసం ఆహ్వానింపబడిన విద్వాంసుని ముందుకు వెళ్లింది. ఆయన కాసేపు కళ్లు మూసుకొని, గడప బయట జరిగిన క్రియకు ఫలం గడప లోపలికి రాదని సెలవిచ్చారు. కాబట్టి డాక్టరు గేటు బయట ఏమి చేసినా బోణీకి భంగం లేదు. అయితే పూజ జరగని పనిముట్లు గేటు దాటరాదు. అందువల్ల ఈ ప్రాంతంలోనే అత్యాధునికమైన పశువైద్యశాల నుంచి డాక్టరు ఉత్త చేతులతో బయటికి నడిచింది. సబ్బు టీకొట్టు వాడు ఇచ్చాడు. వేరుసెనగ నూనె బజ్జీల బండి వాడు ఇచ్చాడు. పిల్ల కాళ్లకు కట్టడానికి పగ్గం కావలసి వచ్చింది. దారిలో పట్టుకుచ్చులతో అలంకరించిన ఆవు పగ్గం కనిపించగా, డాక్టరు దానిని విప్పి పట్టుకుపోయింది. ఆవు తన దిగులులో తాను ఉండి ఏమీ అనలేదు.

అదే సమయానికి లోపల మైకులో విద్వాంసుడు పద్యం ఎత్తుకొన్నారు:

జీవరాసుల కెల్లను చేటు బాపి
యాదుకొన వచ్చె నీశాల యవనియందు
కొమ్ము తోకల కులగోత్ర గుణములెల్ల
అరయక యనంతు దయ పొంగి యలుగు పాఱె

నాలుగవ పాదం యతి దగ్గర ముత్యాలు కూడా గొంతు కలిపింది. ప్రాణం పోయేటట్టు పెట్టిన ఆ ఓండ్రను విద్వాంసుడు సభ్యుల ప్రశంసగా స్వీకరించి పాదాన్ని మరల చదివారు.

ఇంతలో ముఖ్య అతిథి గారి వాహనాలు వచ్చాయి. గేటుకు అడ్డంగా గాడిద, గాడిదకు ఆనుకొని మారెక్క, మోచేతి వరకు నూనె పూసుకొని నేలమీద పడుకొన్న డాక్టరు. హారన్లు మోగాయి. నరసింహ గారు గేటు లోపలి నుంచే కేక వేశారు.

“డాక్టరమ్మా! లోపలికి రామ్మా, ముహూర్తం దాటిపోతాండాది!”

“నా చెయ్యి లోపలుంది సార్. నేను లోపలికి రాలేను!”

“ఎవురప్పా ఆడ? ఆ గాడిదను పక్కకు లాగేయండి!”

మారెక్క లేచి ముందున్న కారు చక్రానికి ఎదురుగా కూర్చున్నది.

“లాగండప్పా, నన్ను గుడా లాగండి! మీ ఇండ్లల్లో బిడ్డలు దగ్గినప్పుడు అర్ధరాత్రి నా తలుపు కొట్టినారే, అప్పుడిది గాడిద కాదా? అప్పుడేమన్నా మనిషై ఉండెనా?”

ఈ ప్రశ్న కార్యక్రమ పట్టికలో లేదు. ముఖ్య అతిథి గారు కారు దిగి, పక్కనున్న చిన్న ద్వారం గుండా లోపలికి దయచేశారు. భద్రత నిమిత్తం ఓబుళేశు పెద్ద గేటుకు గొలుసు చుట్టి తాళం వేస్తుండగా వారి ప్రసంగం మొదలైంది.

“ఈ రాయలసీమ గడ్డ మీద ఇక ఏ మూగజీవి కంట కన్నీరు రాకూడదు. అర్ధరాత్రి వచ్చినా, అపరాత్రి వచ్చినా, ఏ జీవి వచ్చినా ఈ ద్వారం తెరిచే ఉంటుందని మీ అందరి సాక్షిగా ప్రకటిస్తున్నాను!”

చప్పట్లు మోగాయి. తాళం చప్పుడు వాటిలో కలిసిపోయింది.

డాక్టరు లేని కారణంగా, రిబ్బను కత్తిరించిన చేతులే సూదిమందు కూడా ఇవ్వాలని అనంతయ్య గారు ప్రార్థించగా, ముఖ్య అతిథి గారు తెల్లకోటు ధరించి సూది లేని సిరంజితో బయలుదేరారు. ఆవు మాత్రం చోటు మారింది. పగ్గం లేని ఆవు ఆకలి ఉన్న వైపు నడుస్తుంది. అది గుమ్మం వద్దకు పోయి గాడిదల పటానికి వేసిన మల్లెదండను నెమ్మదిగా భుజిస్తున్నది. సిరంజి తగలగానే ఉలిక్కిపడి తల విదిలించింది. దండతోపాటు పటం ఊడి కింద పడి అద్దం భళ్లుమంది. ఆవు ఆ గాజుముక్కల మీద సమృద్ధిగా పేడ వేసింది. గోమయం సర్వదోషహరమని విద్వాంసుడు ప్రకటించడంతో అందరి ఊపిరీ కుదుటపడింది. ఆవు దిగులు పూర్తిగా నయమైనట్లు పత్రికలవారికి తెలియజేశారు.

అద్దం పగిలిన క్షణంలోనే గేటు బయట పిల్ల జారిపడింది. కదలలేదు. డాక్టరు దాని ముక్కులోని జిగురు తుడిచి, తన చున్నీతో పక్కటెముకల మీద రుద్దుతూ పోయింది. మారెక్క రెండు చేతులూ జోడించి, ఏ దేవుడిని పిలవాలో తోచక అందరినీ పిలిచింది. పిల్ల తుమ్మింది. తుమ్మి, తలెత్తి, తడికాళ్ల మీద లేవబోయి పడింది. ముత్యాలు మెడ సాచి దానిని నాకడం మొదలుపెట్టింది. అతిథి గారిని ఫొటో తీయడానికి వచ్చిన ఫొటోగ్రాఫరు ఎందుకో వెనక్కి తిరిగి, గేటు చువ్వల వెనుక నుంచి ఒక్క ఫొటో తీశాడు.

తరువాతి పరిణామాలు ఉభయతారకంగా సాగాయి. సంస్థ ఆవరణకు వెలుపల, అనుమతి లేకుండా, సంస్థ రోగి పగ్గాన్ని ఉపయోగించి ఒక ప్రాణిని కాపాడినందుకు డాక్టరు సాహితిని సంజాయిషీ కోరారు. ఆమె ఉద్యోగానికి మరొకరు దరఖాస్తు చేయనందున క్షమించారు కూడా.

కొన్నాళ్లకు అనంతయ్య గారి మనుమడికి మళ్లీ దగ్గు పట్టుకొన్నది. వారి ధర్మపత్ని సుందరలక్ష్మి గారు వెండి ఉగ్గుగిన్నెతో కారులో మారెక్క గుడిసెకు వెళ్లారు.

“పాలు పొయ్యి మారెక్కా, పిల్లోడు రాత్రంతా నిద్రపోలేదు.”

“ఇంగా పితకల్యామ్మా. బిడ్డ తాగుతాండాది.”

“దాన్ని కాసేపు పక్కన కట్టెయ్, ఏమవుతుంది?”

“బోణీ దాని బిడ్డదమ్మా. బోణీ సెడితే ఏమైతాదో మీ ఆయప్పకు బాగా తెల్సు, అడిగి సూడు.”

సుందరలక్ష్మి గారు గుడిసె బయట, ఎండలో, ఉగ్గుగిన్నె పట్టుకొని నిలబడ్డారు. గాడిదపిల్లకు ముహూర్తాల తొందర లేదు. అది నింపాదిగా తాగింది. మిగిలిన పాలు మారెక్క ఉగ్గుగిన్నెలో పోసింది.

ఇక మిగిలింది పగిలిన పటం. గుమ్మం పక్క మేకు బోసిగా ఉండడం అరిష్టమని భావించి అనంతయ్య గారు కొత్త పటం కోసం వెదకగా, ఫొటోగ్రాఫరు తన ఫొటో చూపించాడు. ప్రారంభోత్సవం నాడు పుట్టిన గాడిదపిల్ల! ఇంతకన్నా యోగం ఏముంటుంది? ఫొటోలోంచి డాక్టరు నూనె చేతిని, మారెక్క చిరిగిన కొంగును తొలగించి, కింద పాత వాక్యమే అచ్చువేయించి, పెద్ద చట్రం కట్టించారు. ఆ వారం అంగడిలో అమ్మకాలు పెరిగాయని చెప్పుకొన్నారు. దానితో ప్రతులకు గిరాకీ పుట్టింది. ఇప్పుడు కడప, ప్రొద్దుటూరు, నంద్యాల, కర్నూలు అంగళ్లలో పాత జంట స్థానంలో ఈ తల్లీపిల్లలే వేలాడుతున్నారు. వైద్యశాల ముందు కొత్త సూచన కూడా వెలిసింది: ‘పటమును దర్శించు భక్తులు చెప్పులు బయట విడువవలెను. ప్రాణముతో ఉన్న గాడిదలను గేటు బయటనే ఉంచవలెను.’

మీ అంగడిలోనో, ఇంటిలోనో ఆ పటం ఉండే ఉంటుంది. రేపు ఉదయం హారతి ఇచ్చేటప్పుడు కొంచెం దగ్గరగా చూడండి. గాడిదపిల్లకు ముందు నిలువుగా నల్లని చారలు కనిపిస్తాయి. అవి అచ్చు దోషమని చాలామంది పటాన్ని తిరిగి ఇచ్చి మార్చుకోబోయారు. దోషం కాదు. అవి గేటు చువ్వలు. ఫొటో తీసినవాడు లోపల నిలబడి తీశాడు. హారతి పళ్లెం పట్టుకొని మీరు నిలబడుతున్నదీ అక్కడే.